సూర్యుడి చుట్టూ ఉన్న నక్షత్రాంతర వాయువు: మూడు రకాల కొలతలు, ఒక మేఘపు అంచు

సూర్యుడు, గ్రహాలు ప్రస్తుతం పయనిస్తున్న ప్రాంతంలో ప్రతి అయిదు ఘన సెంటీమీటర్ల చోటుకు సగటున ఒక్క తటస్థ హైడ్రోజన్ పరమాణువు ఉంటుంది. సముద్రమట్టం వద్ద గాలిలో ఒక్క ఘన సెంటీమీటరులోనే దాదాపు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులు ఉంటాయి కాబట్టి, ఈ వాయువు ఎంత పలచనిదో ఊహించడం కూడా కష్టమే. అయినా దీనికి ఉష్ణోగ్రత ఉంది, నిర్దిష్టమైన వేగం, దిశ ఉన్నాయి, రసాయన కూర్పు, అయస్కాంత క్షేత్రం ఉన్నాయి. వీటన్నిటినీ శాస్త్రవేత్తలు గత యాభై ఏళ్లలో కొలవగలిగారు. సౌర కుటుంబం సరిహద్దు ఎక్కడ ఉండాలో సూర్యుడు ఒక్కడే నిర్ణయించడు; అందులో సగం పాత్ర ఈ వాయువుదే.

సూర్యుడి నుంచి అన్ని దిక్కులకూ సెకనుకు దాదాపు 400 కిలోమీటర్ల వేగంతో సౌర పవనం వీస్తూ ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ అది పలచబడి, ఒకచోట దాని ఒత్తిడి బయటి వాయువు ఒత్తిడితో సమానమవుతుంది. ఆ సరిహద్దును హీలియోపాజ్ అంటారు, దాని లోపలి ప్రాంతాన్ని హీలియోస్ఫియర్ అంటారు. బయటి వాయువు సాంద్రత పెరిగితే ఈ ప్రాంతం కుంచించుకుపోతుంది, తగ్గితే విస్తరిస్తుంది. పాలపుంత నుంచి వచ్చే విశ్వకిరణాలలో దాదాపు 70 శాతాన్ని హీలియోస్ఫియర్ లోపలికి రానివ్వదు. అందువల్ల బయటి వాయువు స్వభావం భూమి మీద పడే వికిరణాన్ని కూడా ప్రభావితం చేస్తుంది. సౌర కుటుంబ చరిత్రలో ఈ విషయానికి దక్కవలసినంత ప్రాధాన్యం చాలాకాలం దక్కలేదు.

ఈ వాయువును తెలుసుకోవడానికి మూడు మార్గాలు ఉన్నాయి. సమీప నక్షత్రాల కాంతిలో అది వేసే ముద్రను చదవడం మొదటిది, హీలియోస్ఫియర్‌లోకి చొచ్చుకువచ్చే పరమాణువులను పట్టుకోవడం రెండవది, వ్యోమనౌకను అక్కడికే పంపడం మూడవది. ఏ ఒక్కటీ పూర్తి చిత్రాన్ని ఇవ్వలేదు. అయితే వీటి ఫలితాలు ఒకదానితో ఒకటి సరిగ్గా పొసగని చోట్లే ఈ రంగం ఎక్కువగా నేర్చుకుంది.

మొదటి మార్గం 1904లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో తెరుచుకుంది. ఖగోళ శాస్త్రవేత్త యోహానెస్ హార్ట్‌మాన్ ఓరియన్ రాశిలోని డెల్టా ఓరియానిస్ అనే జంట నక్షత్రపు వర్ణపటాన్ని, అంటే రంగులుగా విడదీసిన దాని కాంతిని, పరిశీలిస్తున్నాడు. జంట నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే కొద్దీ వాటి వర్ణపట రేఖలు అటూ ఇటూ జరుగుతూ ఉండాలి. కాల్షియానికి చెందిన ఒక సన్నని రేఖ మాత్రం కదలకుండా నిలిచి ఉంది. ఆ కాల్షియం నక్షత్రంలోది కాదని, దారి మధ్యలో ఎక్కడో ఉన్న వాయువులోదని హార్ట్‌మాన్ గ్రహించాడు. నక్షత్రాల మధ్య పదార్థం ఉందనడానికి దొరికిన తొలి గట్టి ఆధారాలలో ఇది ఒకటి.

సూర్యుడి పొరుగున ఉన్న వాయువుకు ఈ పద్ధతిని వివరంగా వర్తింపజేయడానికి హబుల్ అంతరిక్ష దూరదర్శిని రావలసి వచ్చింది. అక్కడి వాయువు అతి పలచన కావడం వల్ల దాని బలమైన శోషణ రేఖలు (వాయువు కాంతిని పీల్చుకున్నచోట ఏర్పడే చీకటి గీతలు) అతినీలలోహిత కాంతిలోనే ఉంటాయి, ఆ కాంతిని భూమి వాతావరణం అడ్డుకుంటుంది. హబుల్ వర్ణపట దర్శినులు సిరియస్, బ్రహ్మహృదయం, ఆల్ఫా సెంటారీ వంటి దగ్గరి నక్షత్రాల కాంతిలో హైడ్రోజన్, డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్), మెగ్నీషియం, ఇనుము వేసిన రేఖలను విడివిడిగా చూపగలిగాయి. ఒక్కో రేఖ ఎంత జరిగిందో చూస్తే ఆ దిశలో వాయువు వేగం తెలుస్తుంది. ఎంత లోతుగా ఉందో చూస్తే దారిలో ఆ మూలకం ఎంత ఉందో తెలుస్తుంది.

ఉష్ణోగ్రతను రాబట్టే పద్ధతి మరింత ఆసక్తికరమైనది. వర్ణపట రేఖ వెడల్పుకు రెండు కారణాలు ఉంటాయి. పరమాణువుల ఉష్ణ చలనం ఒకటి, వాయువులోని సుడుల కదలిక రెండవది. సుడుల కదలిక అన్ని మూలకాలనూ ఒకేలా మోసుకుపోతుంది. ఉష్ణ చలనం మాత్రం పరమాణువు బరువును బట్టి మారుతుంది: తేలికైన డ్యుటీరియం వేగంగా కదులుతుంది, బరువైన ఇనుము నెమ్మదిగా కదులుతుంది. కాబట్టి ఒకే మేఘంలోని తేలిక మూలకపు రేఖనూ బరువు మూలకపు రేఖనూ పక్కపక్కన పెట్టి కొలిస్తే రెండు కారణాలనూ వేరు చేయవచ్చు. ఇలా లెక్కిస్తే సూర్యుడి చుట్టూ ఉన్న వాయువు ఉష్ణోగ్రత సుమారు 7,000 కెల్విన్‌గా తేలింది. ఇది సూర్యుడి ఉపరితల ఉష్ణోగ్రత కంటే కూడా ఎక్కువే. అయితే ఉష్ణోగ్రత అంటే కణాల సగటు చలనశక్తికి కొలత మాత్రమే; కణాలు ఇంత అరుదుగా ఉన్నచోట అది దేన్నీ వేడెక్కించలేదు. ఒక హైడ్రోజన్ పరమాణువు మరో కణాన్ని ఢీకొనేలోపు సూర్యుడికి, భూమికి మధ్య ఉన్న దూరానికి పదుల నుంచి వందల రెట్లు ప్రయాణిస్తుంది.

ఖగోళ శాస్త్రవేత్తలు సేత్ రెడ్‌ఫీల్డ్, జెఫ్రీ లిన్స్కీ 2008లో ప్రచురించిన విశ్లేషణలో, సూర్యుడి నుంచి దాదాపు 50 కాంతి సంవత్సరాల లోపు ఇలాంటి వెచ్చని మేఘాలు 15 ఉన్నాయని, ఒక్కొక్కటీ తనదైన వేగంతో కదులుతోందని ప్రతిపాదించారు. సూర్యుడికి అతి దగ్గరగా ఉన్నదానికి స్థానిక నక్షత్రాంతర మేఘం అని పేరు. సూర్యుడి దృష్ట్యా అది సెకనుకు సుమారు 24 కిలోమీటర్ల వేగంతో కదులుతోంది, దాని ఉష్ణోగ్రత సుమారు 7,500 కెల్విన్. ఆల్ఫా సెంటారీ దిశలో జి మేఘం అని పిలిచే మరొకటి ఉంది. అది సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో కదులుతోంది, దాని ఉష్ణోగ్రత సుమారు 5,500 కెల్విన్. ఈ విభజనను అందరూ అంగీకరించలేదు. సెసిల్ గ్రీ, ఎడ్వర్డ్ జెంకిన్స్ 2014లో ఇవే వర్ణపటాలను తీసుకుని, చుట్టూ ఉన్నది ఒకే మేఘమని, అది లోలోపల సాగుతూ, నొక్కుకుపోతూ ఉండడం వల్లే వేర్వేరు దిశల్లో వేగాలు తేడాగా కనిపిస్తున్నాయని వాదించారు. వర్ణపట రేఖ ఒక దిశలోని మొత్తం వాయువును చెబుతుందే తప్ప అది ఎంత దూరంలో ఉందో చెప్పదు కాబట్టి, ఈ వివాదాన్ని కేవలం నక్షత్రకాంతితో తేల్చడం సులభం కాదు.

వాయువు కూర్పు విషయంలో మాత్రం నక్షత్రకాంతి సాటిలేని సాక్షి. హైడ్రోజన్, హీలియం సూర్యుడిలో ఉన్న నిష్పత్తిలోనే ఉన్నాయి. ఇనుము, మెగ్నీషియం, సిలికాన్ మాత్రం ఉండవలసినదాని కంటే చాలా తక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే వాటిలో అధిక భాగం ధూళి రేణువులలో బంధించబడి ఉంది. 1990 దశకం మొదట్లో యులిసిస్ వ్యోమనౌక, ఆ తరువాత శని గ్రహం వద్ద కాసినీ నౌక అలాంటి నక్షత్రాంతర రేణువులను నేరుగా పట్టుకున్నాయి. కాసినీ పట్టుకున్న 36 రేణువులలో మెగ్నీషియం, సిలికాన్, ఇనుము ఉన్నట్లు 2016లో వెల్లడైంది. వాయువులో తగ్గినవి ధూళిలో కనిపించడం ఒకదానికొకటి చక్కగా సరిపోయిన లెక్క. డ్యుటీరియం కథ మరోలా ఉంటుంది. ఇక్కడి వాయువులో లక్ష హైడ్రోజన్ పరమాణువులకు సుమారు ఒకటిన్నర డ్యుటీరియం పరమాణువులు ఉన్నాయి. మహావిస్ఫోటం తరువాత ఈ నిష్పత్తి లక్షకు దాదాపు రెండున్నర. డ్యుటీరియం నక్షత్రాలలో నశించడమే తప్ప చెప్పుకోదగ్గ స్థాయిలో తయారు కాదు. అందువల్ల ఈ వాయువులో కొంత భాగం ఎప్పుడో ఒకప్పుడు నక్షత్రాల గర్భం గుండా వెళ్లి వచ్చినదే అయి ఉండాలి, కొంత ధూళి రేణువులకు అంటుకుని కంటికి దొరకకుండా పోయి ఉండవచ్చు.

ఈ వాయువు పూర్తిగా తటస్థం కాదు, పూర్తిగా విద్యుదావేశ కణాలతో కూడిన ప్లాస్మా కూడా కాదు. హైడ్రోజన్‌లో సుమారు నాలుగో వంతు, హీలియంలో సుమారు 40 శాతం ఎలక్ట్రాన్‌ను కోల్పోయిన అయాన్లుగా ఉన్నాయి. హీలియం నుంచి ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి 24.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, హైడ్రోజన్‌కు 13.6 చాలు. కష్టమైనదే ఎక్కువ శాతం అయనీకరణ చెందిందంటే, దాని మీద పడే వికిరణం మామూలుది కాకూడదు. 1992లో ప్రయోగించిన తీవ్ర అతినీలలోహిత పరిశోధక ఉపగ్రహం ఈ చిక్కుముడిలో ఒక పెద్ద భాగాన్ని విప్పింది. ఆ కాంతిలో ఆకాశమంతటిలోనూ అత్యంత ప్రకాశవంతమైనది సిరియస్‌కు దక్షిణాన, 400 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్న ఎప్సిలాన్ కానిస్ మేజోరిస్ నక్షత్రం అని తేలింది. ఆ దిశలో వాయువు అసాధారణంగా పలచగా ఉండడం వల్ల దాని కాంతి ఇంత దూరం చేరుతోంది. దానితోపాటు దగ్గరి శ్వేత మరుగుజ్జు నక్షత్రాలు, చుట్టూ ఉన్న అతి వేడి వాయువు వెలువరించే వికిరణం కూడా తమ వంతు చేరుస్తాయి.

రెండవ మార్గంలో పరిశీలకుడు కదలనక్కరలేదు, వాయువే ఇంటికి వస్తుంది. అయాన్లను సౌర అయస్కాంత క్షేత్రం పక్కకు మళ్లిస్తుంది, తటస్థ పరమాణువులు మాత్రం ఆ క్షేత్రాన్ని లెక్కచేయకుండా లోపలికి ప్రవేశిస్తాయి. 1970 ప్రాంతంలో ఓజీఓ-5 ఉపగ్రహం ఆకాశమంతా పరుచుకున్న ఒక అతినీలలోహిత మెరుపును గమనించింది. భూమి కక్ష్యలో స్థానం మారిన కొద్దీ ఆ మెరుపు గరిష్ఠంగా కనిపించే దిశ కూడా జరగడం వల్ల దాని మూలం సౌర కుటుంబం లోపలే ఉందని రుజువైంది. బయటి నుంచి ప్రవహించి వచ్చిన హైడ్రోజన్ సూర్యకాంతిని వెదజల్లడమే దానికి కారణం. హైడ్రోజన్ లోపలికి వచ్చేసరికి కొంత మార్పు చెందుతుంది, సరిహద్దు వద్ద చాలా భాగం వడకట్టబడి, నెమ్మదించి, సూర్యుడికి దగ్గరయ్యే కొద్దీ అయనీకరణతో తరిగిపోతుంది. హీలియం అలా కాదు. అది దాదాపు చెక్కుచెదరకుండా భూమి కక్ష్య దాకా వస్తుంది. సూర్యుడి గురుత్వాకర్షణ దాన్ని వంచి సూర్యుడి వెనుక ఒక శంకువులా కేంద్రీకరిస్తుంది, భూమి ఏటా డిసెంబరు మొదట్లో ఆ శంకువు గుండా సాగుతుంది. ప్రవాహం వచ్చే దిశ ఆకాశంలో వృశ్చిక, సర్పధారి రాశుల సరిహద్దు ప్రాంతం, జ్యేష్ఠా నక్షత్రానికి కొద్ది దూరం.

ఈ హీలియం ప్రవాహాన్ని యులిసిస్ వ్యోమనౌక 1990 నుంచి పరిశీలించి సెకనుకు 26.3 కిలోమీటర్ల వేగం, 6,300 కెల్విన్ ఉష్ణోగ్రత అని తేల్చింది. 2008లో ప్రయోగించిన ఐబెక్స్ ఉపగ్రహం 2012లో వేరే ఫలితాన్ని ప్రకటించింది: వేగం 23.2 కిలోమీటర్లు మాత్రమే, దిశ కూడా కొన్ని డిగ్రీలు తేడా. మూడు కిలోమీటర్ల తేడా చిన్నదిగా అనిపించవచ్చు, కానీ దాని పర్యవసానం పెద్దది. సౌర కుటుంబం ముందు ధ్వనివేగాన్ని మించిన ప్రవాహం ఢీకొన్నప్పుడు ఏర్పడే విల్లు ఆకారపు అఘాత తరంగం ఉందా లేదా అన్నది ఈ వేగం మీదే ఆధారపడుతుంది. కొందరు శాస్త్రవేత్తలు అంతకుముందు నాలుగు దశాబ్దాల కొలతలను పోల్చి, నక్షత్రాంతర పవనం దిశే మారుతోందని కూడా ప్రతిపాదించారు.

ఆ తరువాత జరిగిన పరిశీలన చదవదగినది. ఐబెక్స్ భూమి చుట్టూ తిరుగుతూ, సంవత్సరంలో కొన్ని వారాలు మాత్రమే ఒకే కోణంలో పరమాణువులను పట్టుకుంటుంది. అలాంటి అమరికలో వేగం, దిశ, ఉష్ణోగ్రత ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి: వేగం ఎక్కువ అనుకుని, దిశ కొద్దిగా జరిపి, ఉష్ణోగ్రత పెంచి చూసినా కొలతలు దాదాపు అంతే చక్కగా సరిపోతాయి. పైగా ఆ పరమాణువులన్నీ అచ్చమైన నక్షత్రాంతర హీలియం కావు. హీలియోస్ఫియర్ బయటి అంచు వద్ద ఆవేశ మార్పిడి (తటస్థ పరమాణువు తన ఎలక్ట్రాన్‌ను ఒక అయాన్‌కు ఇచ్చేయడం) వల్ల పుట్టి, నెమ్మదిగా, వెచ్చగా వచ్చే రెండవ ప్రవాహం కూడా వాటిలో కలిసి ఉందని 2014లో గుర్తించారు. దానికి వెచ్చని పిల్లగాలి అని పేరు పెట్టారు. దాన్ని వేరు చేసి, మరిన్ని సంవత్సరాల కొలతలు చేర్చి చూసేసరికి, 2015 నాటికి రెండు నౌకల లెక్కలూ సెకనుకు సుమారు 25.5 నుంచి 26 కిలోమీటర్ల వద్ద కలిశాయి. ఉష్ణోగ్రత మాత్రం మొదట అనుకున్నదాని కంటే ఎక్కువగా, సుమారు 7,500 కెల్విన్‌గా తేలింది.

ఇక్కడే రెండు మార్గాల మధ్య తేడా అర్థవంతమవుతుంది. నక్షత్రకాంతి ప్రకారం స్థానిక మేఘం వేగం దాదాపు 24, జి మేఘం వేగం దాదాపు 30. లోపలికి వచ్చిన హీలియం వేగం ఈ రెండింటికీ మధ్యలో ఉంది, దిశ కూడా మధ్యస్థంగానే ఉంది. పావెల్ స్వాచినా, సహచరులు 2022లో దీనికి సూటియైన వివరణ ఇచ్చారు: సూర్యుడు ప్రస్తుతం స్థానిక మేఘం మధ్యలో లేడు, రెండు మేఘాలు కలిసిపోతున్న సరిహద్దులో ఉన్నాడు. ఆల్ఫా సెంటారీ కాంతిలో స్థానిక మేఘపు వేగానికి తగిన శోషణ కనిపించకపోవడం కూడా దీనికి అనుకూలంగా ఉంది, ఎందుకంటే ఆ దిశలో ఆ మేఘం చాలా దగ్గరలోనే ముగిసిపోవాలి. సౌర కుటుంబం ఈ వాయువు దృష్ట్యా ఏడాదికి దాదాపు సూర్యుడికి, బృహస్పతికి మధ్య దూరమంత ముందుకు వెళుతుంది, ఒక కాంతి సంవత్సరం దాటడానికి దాదాపు 11,500 సంవత్సరాలు పడుతుంది. స్థానిక మేఘం నుంచి సూర్యుడు గరిష్ఠంగా 1,900 సంవత్సరాలలో బయటపడతాడని లిన్స్కీ బృందం 2019లో అంచనా వేసింది.

మూడవ మార్గం వాయేజర్ నౌకలది. వాయేజర్ 1 2012 ఆగస్టు 25న సూర్యుడికి, భూమికి మధ్య దూరానికి దాదాపు 122 రెట్ల దూరంలో హీలియోపాజ్‌ను దాటింది. అయితే ఆ విషయం ఏడాదికి పైగా వివాదంలో ఉండిపోయింది. సౌర కణాలు ఒక్కసారిగా తగ్గి, విశ్వకిరణాలు పెరిగాయి గానీ, మారాలని అందరూ ఎదురుచూసిన అయస్కాంత క్షేత్రం దిశ మారలేదు. ప్లాస్మాను నేరుగా కొలిచే పరికరం 1980లోనే పాడైపోయింది. సమాధానం అనుకోని చోటు నుంచి వచ్చింది. 2012 మార్చిలో సూర్యుడిపై సంభవించిన ఒక విస్ఫోటం తాకిడి ఏడాదికి పైగా ప్రయాణించి 2013 ఏప్రిల్‌లో నౌకను చేరి, చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లను కంపింపజేసింది. ఈ కంపనాల పౌనఃపున్యం ఎలక్ట్రాన్ల సాంద్రత మీద మాత్రమే ఆధారపడుతుంది. డాన్ గర్నెట్ బృందం నమోదు చేసిన 2.6 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం ఘన సెంటీమీటరుకు 0.08 ఎలక్ట్రాన్లకు సరిపోతుంది. హీలియోస్ఫియర్ లోపల ఉండవలసినదాని కంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ, నక్షత్రకాంతి నుంచి వేసిన అంచనాలకు దగ్గర. 2018 నవంబరు 5న సరిహద్దు దాటినప్పుడు వాయేజర్ 2లో ప్లాస్మా పరికరం ఇంకా పనిచేస్తూనే ఉండేది.

అయినా వాయేజర్ కొలతలను స్వచ్ఛమైన నక్షత్రాంతర వాయువు కొలతలుగా తీసుకోవడం తొందరపాటు. వాయేజర్ 2 సరిహద్దు వెలుపల నమోదు చేసిన ప్లాస్మా ఉష్ణోగ్రత 30,000 నుంచి 50,000 కెల్విన్, అంటే మేఘం అసలు ఉష్ణోగ్రతకు ఎన్నో రెట్లు. అక్కడి వాయువు హీలియోస్ఫియర్ తాకిడికి నొక్కుకుపోయి వేడెక్కింది. అయస్కాంత క్షేత్రం కూడా అంతే: రెండు నౌకలూ 4 నుంచి 7 మైక్రోగాస్ (క్షేత్ర బలానికి కొలమానమైన గాస్‌లో పది లక్షలవ వంతు) క్షేత్రాన్ని చూడగా, దూరంలోని అలజడి లేని క్షేత్రం సుమారు 3 మైక్రోగాస్ అని నమూనాలు చెబుతున్నాయి. ఈ క్షేత్రపు దిశను తెలుసుకోవడానికి తోడ్పడింది మళ్లీ ఐబెక్సే. 2009లో అది ఆకాశమంతటా వంపుగా సాగిన ఒక పట్టీని కనుగొంది, అందులో నుంచి ఎక్కువ సంఖ్యలో తటస్థ పరమాణువులు వస్తున్నాయి. బయటి అయస్కాంత క్షేత్రం చూపు రేఖకు లంబంగా ఉన్నచోట్లే ఆ పట్టీ ఏర్పడుతుంది కాబట్టి దాని కేంద్రం క్షేత్రం దిశను సూచిస్తుంది. సమీప నక్షత్రాల కాంతి ధ్రువణం (కాంతి తరంగాలు ఒక నిర్దిష్ట దిశలో కంపించడం) కూడా దాదాపు ఆ దిశనే చూపుతోంది.

ఈ మేఘాల సముదాయం మొత్తం మరో పెద్ద నిర్మాణం లోపల ఉంది. స్థానిక బుడగ అని పిలిచే ఆ కుహరం దాదాపు 1,000 కాంతి సంవత్సరాల వెడల్పు ఉండి, పది లక్షల కెల్విన్ స్థాయి వేడి వాయువుతో నిండి ఉంది. దాదాపు 1.4 కోట్ల సంవత్సరాల క్రితం మొదలైన సూపర్‌నోవా పేలుళ్లు దాన్ని తొలిచాయని, సూర్యుడు దాదాపు 50 లక్షల సంవత్సరాల క్రితమే అందులో ప్రవేశించాడని 2022లో కేథరిన్ జుకర్ బృందం లెక్కించింది. ఈ వేడి వాయువు పీడనం చాలాకాలం ఒక చిక్కుప్రశ్నగా ఉండేది. మృదు (తక్కువ శక్తి గల) ఎక్స్-కిరణాల నుంచి అంచనా వేస్తే అది వెచ్చని మేఘాల పీడనం కంటే ఎన్నో రెట్లు వచ్చేది, అలాగైతే మేఘాలు ఎప్పుడో నలిగిపోయి ఉండాలి. సౌర పవనం తటస్థ పరమాణువులతో ఆవేశ మార్పిడి చేసుకున్నప్పుడు కూడా అలాంటి ఎక్స్-కిరణాలే వెలువడతాయని 1996లో హయకుటాకే తోకచుక్క పరిశీలనల తరువాత అర్థమైంది. 2012లో ప్రయోగించిన ఒక రాకెట్ ఆ వాటాను సుమారు 40 శాతంగా కొలిచింది. దాన్ని తీసివేసి, మేఘాలలోని అయస్కాంత పీడనాన్ని కలిపితే రెండు వైపులా లెక్క చాలావరకు సరితూగింది.

బుడగలో అన్నీ వెచ్చని మేఘాలే కావు. సింహరాశి దిశలో దాదాపు 20 కెల్విన్ ఉష్ణోగ్రతతో ఒక దట్టమైన చల్లని మేఘం 80 కాంతి సంవత్సరాల లోపే ఉంది. అలాంటిది సూర్యుడిని చుట్టుముడితే హీలియోస్ఫియర్ గ్రహ కక్ష్యల లోపలికే కుంచించుకుపోవచ్చు. దాదాపు 20 నుంచి 30 లక్షల సంవత్సరాల క్రితం సరిగ్గా అలాంటి సంఘటన జరిగి, భూమి నేరుగా నక్షత్రాంతర వాయువుకు లోనైందని మెరావ్ ఓఫర్ బృందం 2024లో ప్రతిపాదించింది. ఆ కాలపు సముద్రగర్భ నిక్షేపాలలో ఇనుము-60 అనే రేడియోధార్మిక ఐసోటోపు దొరికిన మాట నిజం. అయితే దగ్గరలో పేలిన సూపర్‌నోవా నుంచి ధూళి రూపంలో అది వచ్చిందన్న పాత వివరణ కూడా అంతే బలంగా నిలబడుతుంది. మేఘాల గత మార్గాలను అన్ని లక్షల సంవత్సరాలు వెనక్కి లెక్కించడంలోని అనిశ్చితిని బట్టి చూస్తే, ఓఫర్ ప్రతిపాదనను పరీక్షించదగిన ఊహగా చూడడమే సముచితం. అంటార్కిటికా మంచులో ఇటీవలి దశాబ్దాల ఇనుము-60 జాడలు కూడా దొరికాయి, అవి స్థానిక మేఘంలోని ధూళి నుంచే వస్తున్నాయా అన్నది ఇంకా పరిశీలనలో ఉంది.

2025 సెప్టెంబరు 24న నాసా ప్రయోగించిన ఐమ్యాప్ వ్యోమనౌక ఈ ప్రశ్నలలో కొన్నింటిని నేరుగా తాకుతుంది. అందులో నక్షత్రాంతర పరమాణువులను పట్టే పరికరాన్ని తిరగగలిగే వేదికపై అమర్చారు, కాబట్టి ఐబెక్స్‌లా ఒకే కోణానికి కట్టుబడకుండా ఏడాదిలో ఎక్కువ కాలం ప్రవాహాన్ని వేర్వేరు కోణాలలో చూడగలదు. వేగం, దిశ, ఉష్ణోగ్రతల మధ్య ఉన్న ముడి అలా విడిపోతుంది. అప్పుడు హీలియం పరమాణువుల వేగాలు ఒకే ఉష్ణోగ్రత గల వాయువుకు తగినట్లు పంపిణీ అయ్యాయా, లేక ఇంకా పూర్తిగా కలవని రెండు వాయువుల ఛాయ వాటిలో ఉందా అన్నది చూడవచ్చు. రెండవదే నిజమైతే సూర్యుడు రెండు మేఘాల సరిహద్దులో ఉన్నాడన్న వాదనకు నక్షత్రకాంతితో సంబంధం లేని స్వతంత్ర ఆధారం దొరుకుతుంది. మొదటిదే నిజమైతే, పొరుగున ఉన్నది ఒకే మేఘమన్న గ్రీ, జెంకిన్స్‌ల వాదనను మళ్లీ గట్టిగా పరిశీలించవలసి వస్తుంది.